విప్పి చూశాక పెరిగే బిల్లు

ఓడ నీళ్లలో ఉన్నంతకాలం దాని రిపేరు ఖర్చు చవగ్గానే ఉంటుంది. డ్రై డాక్‌లోకి తెచ్చి, నీళ్లు తోడేసి, అడుగున పేరుకున్న గుల్లలన్నీ గీకేసి చూశాక అసలు కథ మొదలవుతుంది.

విశాఖలో ఓడల రిపేరు పనులు చేసే ఒక ప్రైవేటు కంపెనీలో చాలా ఏళ్లు బిల్లింగ్ చూశాను. నేను వెల్డర్‌నీ కాదు, ఇంజనీర్‌నీ కాదు. పని ఎంత జరిగిందో కొలతలు రాసుకుని రూపాయల్లోకి మార్చే ఉద్యోగం. ప్రభుత్వ ఓడలు, ప్రైవేటు ఓడలు అన్నీ వచ్చేవి. అందుకే నేవీ రిపేర్ల మీద కాగ్ (ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే సంస్థ) ఏదో రాసిందని పేపర్లో వచ్చినప్పుడు, సింధియా జంక్షన్ టీ కొట్టు దగ్గర "వందల కోట్లు మింగేశార్రా" అనే మాట వినబడితే నాకు కొంచెం చిరాకేస్తుంది. మింగేవాళ్లు లేరని అనడం లేదు. కానీ నేను చూసినంతలో ఓడ మరమ్మతుల్లో సర్కారు డబ్బు ఎక్కువగా పోయేది కాగితాలన్నీ సక్రమంగా ఉన్నప్పుడే. అన్ని సంతకాలూ ఉంటాయి, అన్ని స్టాంపులూ ఉంటాయి, డబ్బు మాత్రం ఉండదు.

నేవీలో ప్రతి ఓడకీ ఇన్నేళ్లకొకసారి అని రీఫిట్, అంటే విప్పి చేసే పెద్ద రిపేరు, ఉంటుంది. పని ఎంతుందన్న దాన్ని బట్టి షార్ట్ రీఫిట్, నార్మల్ రీఫిట్, మీడియం రీఫిట్ అంటారు. కొన్ని నెలల ముందే ఓడ సిబ్బంది డిఫెక్ట్ లిస్టు రాస్తారు. ఏ పంపు కారుతోంది, ఏ వాల్వు పట్టేసింది, ఏ కంపార్ట్‌మెంటులో తుప్పు ఉంది అన్నీ అందులో ఉంటాయి. ఆ లిస్టును బట్టి అంచనా, అంచనాను బట్టి మంజూరు, ఆ తర్వాత టెండరు. ఇదంతా నడుస్తున్నప్పుడు ఓడ మాత్రం సముద్రంలో తిరుగుతూనే ఉంటుంది. లోపల ఏముందో పూర్తిగా ఎవరూ చూడని వస్తువుకి ధర కడుతున్నారన్నమాట. విప్పాక లిస్టులో లేని పని బయటపడుతుంది. దానికి డాక్‌యార్డు (నేవీ రిపేరు యార్డు) వాళ్లు పెట్టిన పేరు "గ్రోత్ ఆఫ్ వర్క్". మావాళ్లు ముద్దుగా గ్రోత్ అనేవారు. "ఈ ఓడకి గ్రోత్ బాగుందండీ" అన్నారంటే ఆ ఏడాది మా కంపెనీకి బోనస్ గ్యారంటీ.

ఈ గ్రోత్ ఎలా పుడుతుందో ఒక్క ప్లేటు సంగతి చెప్తే అర్థమవుతుంది.

ఓడ అడుగు ప్లేటు ఎంత అరిగిందో చూడటానికి అల్ట్రాసోనిక్ గేజ్ అని చేతిలో ఇమిడే మెషీను ఉంటుంది. ముందు గ్రైండర్ పెట్టి రూపాయి బిళ్లంత మేర పెయింటూ తుప్పూ తీసి, లోహం మెరిసేదాకా చేస్తారు. అక్కడ కాస్త జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే అంకె వస్తుంది. 8.6. పక్కన 8.1. ఇంకొంచెం కిందికి వెళ్తే 7.2. ఆ అంకెల్ని అక్కడే ప్లేటు మీద సుద్దతో రాస్తారు. కొత్తలో 10 మిల్లీమీటర్లున్న ప్లేటు ఎంతవరకు అరిగినా ఉంచొచ్చు, ఎక్కడ దాటితే మార్చాలి అనేదానికి లిమిట్ ఉంటుంది. లిమిట్ దాటిన అంకెల చుట్టూ గీత గీస్తారు. గీత లోపలున్నదంతా గ్యాస్ కట్టర్‌తో కోసేసి కొత్త ప్లేటు వెయ్యాలి.

ఇక లెక్క. 10 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు చదరపు మీటరుకి 78.5 కిలోలు తూగుతుంది. బిల్లు కిలోల్లోనే. కోత, వెల్డింగు, వెల్డింగు పరీక్ష, పెయింటు దాని వెనకాలే వస్తాయి. చెడింది అర చదరపు మీటరే అయినా, "ఇక్కడిదాకా తీసుకుంటే పాత అతుకుతో కలుస్తుంది, వెల్డింగు నీటుగా వస్తుంది" అని గీతను ఓడకి పక్కటెముకలాంటి ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేము దాకా లాగితే రెండు చదరపు మీటర్లవుతుంది. అది అబద్ధం కూడా కాదు. ఓడకి చిన్న చిన్న అతుకులు వెయ్యకూడదు, మూలల్లో పగుళ్లు వస్తాయి. అయితే ఎక్కడిదాకా అవసరం, ఎక్కడి నుంచి అత్యాశ అన్నది ఆ సుద్దముక్క పట్టుకున్నవాడు తేల్చాలి. కోసేశాక పాత ప్లేటు తుక్కులోకి పోతుంది, దానితోపాటు సుద్ద అంకెలూ పోతాయి. ఐదేళ్ల తర్వాత వచ్చే ఆడిటర్‌కి మిగిలేది ఒక స్కెచ్చు, ఒక బరువు, ఒక సంతకం.

ఆ గీత గీసే సమయానికి ప్రభుత్వం తరఫున అక్కడ ఉండాల్సిన మనిషి సాధారణంగా ఒక్కడే. ఆయనకి అదే పూట ఇంకో మూడు చోట్ల పని. మే నెలలో డాక్ అడుగున నిలబడితే ఇనుము కింద నుంచీ పై నుంచీ కాలుస్తుంది. ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకులో దూరితే బ్లోయర్ పెట్టినా ఊపిరాడదు. మా ఫోర్‌మన్ ఎంతో మర్యాదస్తుడు. "మీరెందుకు బాబూ ఈ బురదలో, పైనుండండి. కొలతలు నేను పట్టుకొస్తాను, సాయంత్రం టీ తాగుతూ సంతకం పెడుదురుగాని" అనేవాడు. కొందరు పైనే ఉండిపోయేవారు. ఒకాయన మాత్రం ఓవరాల్ వేసుకుని మ్యాన్‌హోల్లో దూరి, టార్చి తనే పట్టుకుని, ప్రతి సుద్ద అంకె పక్కనా మైనపు పెన్సిల్‌తో పొట్టి సంతకం పెట్టేవాడు. తర్వాత ఫొటో తీయించేవాడు. ఆయన చూసిన ఓడకి గ్రోత్ ఉన్నంతే వచ్చేది. మా మేనేజర్‌కి ఆయన పేరు చెప్తే బీపీ. నాకు మాత్రం ఆయన ఓడ బిల్లంటే హాయి, ఒక్క కిలో మీద కూడా తగాదా వచ్చేది కాదు.

నా దృష్టిలో ప్రభుత్వ పర్యవేక్షణ అంటే ముందు ఆయనే. మిగతావన్నీ, అంటే ఫైనాన్స్ అడ్వైజర్ ఆమోదం, డిఫెన్స్ అకౌంట్స్ వాళ్ల చెకింగు, కాగ్ ఆడిట్, పార్లమెంటు కమిటీ, ఆయన రాసిన అంకె మీద కట్టినవే.

టెండర్లో ఇంకో విద్య ఉంది. ఇది పేపర్లో రాదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఒక ఓడకి పెయింటింగ్, స్టీల్ మార్పిడి అని రెండే పనులున్నాయనుకుందాం. డిఫెక్ట్ లిస్టులో స్టీలు 2 టన్నులని రాశారు. మొదటి కంపెనీ పెయింటింగ్‌కి 40 లక్షలు, స్టీలుకి టన్నుకి 3 లక్షలు వేసింది. మొత్తం 46 లక్షలు. రెండో కంపెనీ పెయింటింగ్‌కి 46 లక్షలు, స్టీలుకి టన్నుకి లక్షన్నర వేసింది. మొత్తం 49 లక్షలు. మొదటివాడే ఎల్-వన్, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడు, పని వాడిదే, రూల్ ప్రకారం అంతే. విప్పాక స్టీలు 11 టన్నులయింది. ఇప్పుడు మొదటివాడికి కట్టాల్సింది 73 లక్షలు. రెండోవాడికి ఇచ్చి ఉంటే 62 లక్షల 50 వేలు. ఇవి నేను ఊరికే వేసిన అంకెలే కానీ పద్ధతి మాత్రం ఓడల రిపేర్లలో అందరికీ తెలిసిందే. ఆ తరహా ఓడలు ఇదివరకు విప్పి చూసిన కంపెనీకి స్టీలు ఎంత పెరుగుతుందో తెలుసు. ధర కట్టే ఆఫీసుకి కూడా తెలిసే వీలుంది, పాత ఓడల ఫైళ్లు వాళ్ల బీరువాలోనే ఉంటాయి. తీసి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

సరే, రేట్ల గొడవ ఇలా ఉంటే, దానికన్నా పెద్ద నష్టం రోజుల్లో జరుగుతుంది.

నేవీ ఓడల రీఫిట్ల మీద కాగ్ 2013లో ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. 2005-06 నుంచి 2010-11 వరకు జరిగిన 152 రీఫిట్లు తీసుకుని చూస్తే, అనుకున్న టైముకి మొదలై అనుకున్న టైముకి ముగిసినవి 18 శాతం. 113 రీఫిట్లు ఆలస్యంగా పూర్తయ్యాయి. ఆ ఆలస్యాలన్నీ కలిపితే 8,629 రోజులు, దగ్గర దగ్గర ఇరవై మూడున్నర ఏళ్లు. నాకు ఆ నివేదిక నచ్చింది అందుకే. ఎన్ని కోట్లు అని అరవకుండా రోజులు లెక్కపెట్టింది. సముద్రంలో ఉండాల్సిన ఓడ గోడకి కట్టేసి ఉంటే దాని నష్టం ఏ ఓచరులోనూ కనబడదు.

రోజులు ఎలా పోతాయంటే, పెద్ద పెద్ద కారణాలతో పోవు. డాక్ ఖాళీ లేదు. ట్రేడ్స్‌మెన్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి. స్పేరు రాలేదు. ఈ మూడోదాని గురించి ఒక మాట. ఓడ అడుగు భాగంలో సముద్రపు నీళ్లు లోపలికి తీసుకునే వాల్వులుంటాయి. రిపేరు కోసం వాటిని విప్పి వర్క్‌షాపుకి పంపిస్తారు. అవి తిరిగొచ్చి, బిగించి, పరీక్ష అయ్యేదాకా డాక్‌లోకి నీళ్లు వదలకూడదు, వదిలితే నీళ్లు తిన్నగా ఇంజన్ రూములోకే వస్తాయి. అంటే ఒక్క వాల్వు సీటు విదేశం నుంచి రావడం ఆలస్యమైతే, మిగతా పనంతా అయిపోయినా ఓడ డాక్ దిగదు. వెనకాల క్యూలో ఉన్న ఓడకి డాక్ దొరకదు. ఇటు మీటరు తిరుగుతూనే ఉంటుంది: స్టేజింగ్ (పరంజా) అద్దె, ఒడ్డు నుంచి ఇచ్చే కరెంటు, క్రేను, రాత్రింబవళ్లు సిలిండరు పక్కన పెట్టుకుని కూర్చునే ఫైర్ వాచ్ మనిషి. వాల్వు ఖరీదు ఒక వంతైతే దానికోసం ఎదురుచూసిన ఖరీదు పది వంతులు. కానీ ఆడిట్ పేరా, అంటే ఆడిటర్ రాసే అభ్యంతరం, ఎక్కువసార్లు వాల్వు ఖరీదు మీదే వస్తుంది, ఎందుకంటే దానికే బిల్లుంది.

ఇక మన ఊరి ముచ్చట. సింధుకీర్తి.

సోవియట్ యూనియన్ నుంచి కొన్న కిలో తరగతి సబ్‌మెరైన్. 2006లో మీడియం రీఫిట్ కోసం హిందుస్థాన్ షిప్‌యార్డుకి వచ్చింది. 2015లో నేవీ చేతికి తిరిగి వెళ్లింది. తొమ్మిదేళ్లు. అది లోపలున్న కాలంలో చేరిన అప్రెంటిసులకి పెళ్లిళ్లయి పిల్లలు బడికి పోతున్నారని మా దగ్గర జోకు. దేశమంతా షిప్‌యార్డుని తిట్టిపోసింది. కొంత తిట్టాల్సిందే. కానీ ఆ యార్డు ఓడలు కట్టే యార్డు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష నీళ్లలోకి దిగింది అక్కడే. సబ్‌మెరైన్‌ని ఈ స్థాయిలో విప్పి కట్టడం వేరే విద్య. కిలో తరగతికి రెండు పొరల హల్ (ఓడ ఒళ్లు) ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందుల్లో పైపులు, కేబుళ్లు, ట్యాంకులు. ఒక పైపు తియ్యాలంటే ముందు నాలుగు తియ్యాలి. విప్పిన ప్రతిదానికీ ట్యాగు వేసి, ఏది ఎక్కడిదో రాసి, మళ్లీ అదే వరసలో ఎక్కించాలి. పైగా ఆ కాలంలో యార్డు నష్టాల్లో ఉంది, 2010 దాకా నౌకాయాన శాఖ కిందే ఉంది. ఆ ఏడాదే రక్షణ శాఖ కిందికి మారింది. ఒక శాఖ యార్డులో ఇంకో శాఖ సబ్‌మెరైన్ నాలుగేళ్లు పడి ఉంటే ఎవరు ఎవర్ని అడుగుతారు?

తర్వాత అదే యార్డు సింధువీర్ అనే ఇంకో కిలో సబ్‌మెరైన్‌ని రీఫిట్ చేసింది, దాన్ని 2020లో మయన్మార్‌కి ఇచ్చాం. 2023లో సింధుకీర్తికే మళ్లీ నార్మల్ రీఫిట్ కాంట్రాక్టు అక్కడికే వచ్చింది, 934 కోట్లు. అంటే మొదటి తొమ్మిదేళ్లలో నేర్చుకున్నది వృథా కాలేదు. నేర్చుకోవడానికి కట్టిన ఫీజు ఎంత అని మాత్రం అడగాలి కదా. ముంబైలో మజగావ్ డాక్‌కి ఐఎన్ఎస్ శంకుశ్ అనే సబ్‌మెరైన్ రీఫిట్ 2023లో 2,725 కోట్లకి ఇచ్చారు. విమానాలు మోసే యుద్ధనౌక విక్రమాదిత్య షార్ట్ రీఫిట్, డ్రై డాకింగ్ 2024 నవంబరులో కొచ్చిన్ షిప్‌యార్డుకి 1,207.5 కోట్లకి. ఇవి చిన్న అంకెలు కావు. ఇలాంటి పనులు చేయగల యార్డులు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోటీ పెట్టి ధర తగ్గించే వీలు పెద్దగా లేదు. అలాంటి చోట ధరని అదుపులో పెట్టేది పర్యవేక్షణ ఒక్కటే.

విక్రమాదిత్య అంటే గుర్తొచ్చింది. గ్రోత్ ఆఫ్ వర్క్‌కి ప్రపంచ రికార్డు బహుశా అదే. అడ్మిరల్ గోర్ష్‌కోవ్ అనే పాత రష్యన్ ఓడ. ఓడ ఉచితం, మార్పులకీ మరమ్మతులకీ డబ్బు కడితే చాలన్నారు. 2004లో దానికి 97 కోట్ల 40 లక్షల డాలర్లని ఒప్పందం. 2008లో రావాల్సింది. సెవెరోద్విన్‌స్క్ యార్డులో విప్పాక కేబుళ్ల దగ్గర్నుంచి అన్నీ అనుకున్నదానికన్నా ఎక్కువ మార్చాలని తేలింది. చివరికి 235 కోట్ల డాలర్లకి ఖాయం చేసుకుని 2013 నవంబరులో చేతికి తీసుకున్నాం. ఆ మధ్యలో, 2009లో, కాగ్ రాసిన మాట అప్పట్లో పెద్ద దుమారం: ఈ సెకండ్ హ్యాండ్ ఓడ కొత్తదానికన్నా 60 శాతం ఎక్కువ ఖరీదు పడుతోందని. ఆ రోజుల్లో మా ఆఫీసులో ఆ కటింగ్ నోటీసు బోర్డుకి అంటించారు. కింద ఎవరో "గ్రోత్ అంటే ఇదీ" అని రాశారు. మర్నాటికి తీసేశారనుకోండి.

మనవాళ్లే ఇలా అనుకోకండి. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. "మావయ్యా, అచ్చం నీ సబ్జెక్టే" అని వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. అక్కడ ప్రభుత్వ ఖర్చుని పార్లమెంటు తరఫున చూసే సంస్థ జీఏవో. అది 2024 డిసెంబరులో నేవీ క్రూయిజర్ల (పెద్ద యుద్ధనౌకల) ఆధునీకరణ మీద ఇచ్చిన నివేదిక. కూర్చుని మొత్తం చదివాను. 2015 నుంచి ఏడు క్రూయిజర్ల మీద 370 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. ఏడింటిలో పూర్తయ్యేవి మూడే. మిగతా నాలుగూ, వాటి మీద 184 కోట్ల డాలర్లు పెట్టాక, ఒక్కసారి కూడా డ్యూటీకి వెళ్లకుండానే రిటైరైపోయాయి. విక్స్‌బర్గ్ అనే ఓడలో సోనార్ డోమ్ (నీటి కింద శబ్దాలు పసిగట్టే పరికరం మీది తొడుగు) పని నాసిరకంగా చేశారని విడిగా రాశారు. అన్ని ఓడల మీదా కలిపి కాంట్రాక్టులో వచ్చిన మార్పులు 9,000. తొమ్మిది వేలు! అది చదివాక నవ్వొచ్చింది, మా ఫోర్‌మన్ అక్కడ పుట్టి ఉండాల్సింది.

ఇందులో నాకు బాగా తగిలినవి రెండు. ఒకటి, ముందు అనుకోని పని ఎందుకు అంతగా పెరిగిందో మూలకారణాలు నేవీ ఇంకా తేల్చుకోలేదని జీఏవో మొహం మీదే చెప్పింది. రెండోది, పని సరిగా చెయ్యని కాంట్రాక్టర్ల మీద జరిమానా వేసే అధికారాన్ని నేవీ పెద్దలే బిగించేశారట, దాంతో ఓడ దగ్గర క్వాలిటీ చూసే ఇన్‌స్పెక్టర్ల చేతులు కట్టేసినట్టయింది. మైనపు పెన్సిల్ సంతకం పెట్టే ఆ పెద్దమనిషి చేతిలోంచి పెన్సిల్ లాక్కుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సబ్‌మెరైన్ల సంగతీ అంతే. బాయిసీ అనేది 2015లో చివరిసారి డ్యూటీ ముగించుకుని వచ్చింది. రిపేరుకి డాక్ దొరక్క ఏళ్ల తరబడి కట్టేసి ఉంచారు, 2017లో నీటమునిగే అర్హత కూడా పోయింది, అసలు పనికి 2024లో 100 కోట్ల డాలర్లు దాటిన కాంట్రాక్టు రాశారు. సింధుకీర్తిని వెక్కిరించినవాళ్లకి ఇది పంపించాలనిపించింది.

మరి తేడా ఎక్కడుంది? అమెరికా నేవీ ఓడ మీద పెట్టిన ప్రతి డాలరు కథా గాజువాకలో మా ఇంట్లో కూర్చుని, ఫోనులో, పైసా ఖర్చు లేకుండా చదివాను. ఏ సిఫార్సు అమలైంది, ఏది ఇంకా పెండింగులో ఉంది అని కూడా వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక్కోదాని పక్కనే రాసి ఉంటుంది. మన దగ్గర రక్షణ శాఖ మీద కాగ్ నివేదికల్ని 2017 తర్వాత వెబ్‌సైట్‌లో పెట్టడం చాలావరకు మానేశారు. పార్లమెంటులో పెడుతున్నారు, రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం పెట్టాల్సిందే. బయట మనలాంటివాళ్లకి మాత్రం తేలిగ్గా దొరకవు. అప్పటి కాగ్ రాజీవ్ మెహర్షీ చెప్పిన కారణం, శత్రుదేశాలు కూడా చదువుతాయి కదా అని.

ఆ మాటని కొట్టిపారెయ్యను. ఫలానా ఓడలో ఫలానా రాడార్ పనిచెయ్యట్లేదని బజార్లో పెట్టమని ఎవరూ అడగరు. కానీ 152 రీఫిట్లలో 113 ఆలస్యం అన్న అంకెలో రహస్యం ఏముంది? అవి 2013లో బయటికి వచ్చినప్పుడు ఏ శత్రువూ దండెత్తి రాలేదు. స్టీలు 2 టన్నులని రాసి 11 టన్నులకి బిల్లు కట్టారంటే అందులో దాచాల్సింది ఏమైనా ఉంటే అది దేశ రహస్యం మాత్రం కాదు. ఓడ ఎక్కడుంది, ఎప్పుడు బయల్దేరుతుంది అన్నది దాచండి. ఎన్ని రోజులు ఆలస్యమైంది, ఎందుకైంది, ఎంత పెరిగింది అన్నది చెప్పండి.

ఆడిట్ చేసేవాళ్ల కష్టం నాకు తెలుసు. వాళ్లు వచ్చేసరికి ఓడ వెళ్లిపోయి ఉంటుంది, సంతకం పెట్టినవాడికి బదిలీ అయిపోయి ఉంటుంది. ముందు హాఫ్ మార్జిన్ మీద, అంటే సగం ఖాళీ వదిలిన కాగితం మీద, ప్రశ్న రాసిస్తారు, ఆఫీసు పక్కన జవాబు రాస్తుంది. జవాబు నచ్చకపోతే అది పెరిగి పెరిగి డ్రాఫ్ట్ పేరా అవుతుంది, మంత్రిత్వ శాఖకి వెళ్తుంది, అక్కడా నిలబడితే నివేదికలోకి ఎక్కుతుంది. పార్లమెంటులో పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి 1967 నుంచి ప్రతిపక్షం మనిషే అధ్యక్షుడు. వాళ్లు వివరంగా విచారించడానికి తీసుకునే పేరాలు కొన్నే. మిగిలినవాటికి శాఖ యాక్షన్ టేకెన్ నోట్ (ఏం చర్య తీసుకున్నామో చెప్పే కాగితం) రాసి పంపుతుంది. "సూచనలు జారీ చేయబడినవి" అని ఒక వాక్యం ఉంటుంది చూశారూ, నా సర్వీసులో చదివినన్ని సార్లు విష్ణు సహస్రనామం కూడా చదివి ఉండను. ఈ దారి పొడుగునా ఆ ఫైలుకి భయం పుట్టించేది ఒకటే, రేపు ఇది పేపర్లో పడుతుందేమో అన్న టెన్షన్. విక్రమాదిత్య మీద, రీఫిట్ల మీద అప్పుడు అంత చర్చ జరిగిందంటే విలేకర్లు, రిటైరైన నేవీ వాళ్లు, నాలాంటి పనిలేనివాళ్లు ఆ నివేదిక తెరిచి చదవగలిగారు కాబట్టే. ఇప్పుడు ఆ టెన్షన్ కూడా లేకుండా చేశారు.

నేనడిగేది పెద్ద సంస్కరణ కాదు. రీఫిట్ అయిపోయిన ప్రతి ఓడకీ ఒక్క పేజీ. ఓడ పేరు కూడా అక్కర్లేదు. ఎడమ వైపు మొదటి డిఫెక్ట్ లిస్టు ప్రకారం స్టీలు, కేబులు, పైపు, రోజులు. కుడి వైపు చివరికి ఎంతయిందో. పదేళ్ల పేజీలు పక్కపక్కన పెడితే ఏ రకం ఓడకి ఏది ఎంత పెరుగుతుందో ఆరో క్లాసు పిల్లాడు కూడా చెప్పేస్తాడు. అప్పుడు 2 టన్నులని అంచనా రాసే ఆఫీసర్‌ని "ఏమండీ, గత అయిదు ఓడల్లో పదికి తగ్గలేదే" అని టెండరుకి ముందే అడగొచ్చు. స్టీలు రేటు మూడు లక్షలు వేసినవాడి ఎత్తు అక్కడికక్కడే చిత్తవుతుంది.

ఇంకో విచిత్రం. చెన్నై దగ్గర కట్టుపల్లిలో ఎల్ అండ్ టీ యార్డుకి 2022 ఆగస్టులో చార్ల్స్ డ్రూ అనే అమెరికా నేవీ సరుకు ఓడ రిపేరుకి వచ్చింది, మనదేశంలో అదే మొదటిది. తర్వాత మజగావ్ డాక్‌కి, కొచ్చిన్ షిప్‌యార్డుకి కూడా వాళ్లతో ఒప్పందాలయ్యాయి. అమెరికా డబ్బు కాబట్టి ఆ పనులు జీఏవో లెక్కలోకి వస్తాయి. రేపు కట్టుపల్లిలోనో కొచ్చిలోనో మన వెల్డర్ వేసిన అతుకు మీద వాషింగ్టన్‌లో ఒక పేరా రాస్తే, మా మేనల్లుడు మళ్లీ లింకు పంపిస్తాడు. అదే వెల్డర్ మర్నాడు మన ఓడకి వేసిన అతుకు మీద ఢిల్లీలో పేరా రాస్తే దాని లింకు ఎవరు పంపాలి?

2013 రీఫిట్ల నివేదిక మాత్రం పాతది కాబట్టి కాగ్ వెబ్‌సైట్‌లో ఉంది. షిప్‌యార్డులో, డాక్‌యార్డులో చేసి రిటైరైన వాళ్లు ఓపిక చేసుకుని చదవండి. ఆలస్యానికి వాళ్లు రాసిన కారణాలు చూసి, మీరు కళ్లారా చూసినవాటితో సరిపోయాయో లేదో నాకు ఫోన్ చేసి చెప్పండి. ఆదివారం పొద్దున్న అయితే ఖాళీగానే ఉంటాను.